సెనేటరు ఉత్తరాలు, లచ్చవ్వ క్యాసెట్టు

కరీంనగర్ వెళ్తున్నానంటే మా తెనాలిలో అందరూ “వేములవాడ మొక్కా?” అని అడిగారు. కాదండీ, ఒక అమెరికా సెనేటరు గారి పని మీద వెళ్తున్నాను అన్నాను. మా పక్కింటావిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, కాసిని మజ్జిగ తాగి పడుకోమన్నారు.

సంగతేమిటంటే, కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఉద్యోగం అయిపోయాక ఊరికే కూర్చోలేక ఒక అనువాదం ఒప్పుకున్నాను. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో ఒక పెద్ద నాయకుడు తన భార్యకు రాసుకున్న సొంత ఉత్తరాలు. ఆయన పేరు చెప్పినా ఇక్కడెవరికీ తెలియదు, అక్కడా మరిచిపోతున్నారట. సభలో గొంతు పోయేలా చేసిన ప్రసంగాలను ఇప్పుడెవరూ ముట్టుకోరు. జనం చదివేది ఈ ఉత్తరాలనే. ఇంటి నుంచి రాజధానికి రోజుల తరబడి ప్రయాణం, సభలు మొదలైతే నెలల తరబడి అద్దెగదిలో ఒంటి బతుకు. పగలంతా దేశం రెండు ముక్కలు కాకూడదని అరిచి, సాయంత్రం గదికొచ్చి బూట్లు విప్పి, ఆపిల్ చెట్లకు పురుగు పట్టిందా, నీ పంటినొప్పి తగ్గిందా, ఎర్రావు పాలిస్తోందా అని రాసేవాడు.

ఆవిడ రాసిన ఉత్తరాలు మాత్రం ఒక్కటీ లేవు. పరాయివాళ్ల కంట పడతాయని, చదవగానే కాల్చెయ్యమని ఆవిడే ఒట్టు వేయించుకుంది. ఆయన మాట తప్పలేదు. కాల్చేముందు రెండుసార్లు చదువుకుంటున్నానని మాత్రం ఒకచోట ఒప్పుకున్నాడు. అందుకని నా చేతిలో ఉన్నది సగం సంభాషణ. పక్కింటివాళ్లు ఫోనులో మాట్లాడుతుంటే మనకు ఇవతలి మాటలే వినపడతాయి చూడండి, అలాగ.

పని మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. దూరాన ఉన్న భర్త భార్యను ఏమని పిలుస్తాడు? మా వైపు పాతకాలం ఉత్తరాల్లో ఉండే ‘చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి’ని సెనేటరు నోట్లో పెడితే ఆయనకు పంచె కట్టినట్టుంది. ‘ప్రియమైన’ అంటే సినిమా పాటలా ఉంది. పోనీ మా ఆయన ఏమని రాసేవారో చూద్దామంటే, ఆయన నాకు ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. పెళ్లయిన దగ్గరనుంచి ఆయన పోయేదాకా ఒకే ఇంట్లో ఉన్నాం, రాయాల్సిన అవసరమే రాలేదు. ఆయన పోయాక బీరువా మొత్తం వెతికితే, ఆయన చేతిరాతలో దొరికింది కరెంటు బిల్లు వెనక రాసుకున్న ఒక ఫోను నంబరు. ఆ కాగితమే దాచుకున్నాను. అది ఎవరి నంబరో ఇప్పటికీ తెలియదు.

ఈ గోడు విన్నది ఎస్తేరు. ఒకప్పుడు టీచరు ట్రైనింగుకు మా వైపు వచ్చి మా మేడమీద గదిలో అద్దెకున్న పిల్ల. ఇప్పుడు కరీంనగర్ వైపు బడిపంతులమ్మ. ఫోనులో నవ్వి అన్నది: “మేడం, దూరంకెల్లి మొగడు పెండ్లానికి ఏం చెప్తడో తెల్వాల్నంటే మా దిక్కు రాండ్రి. మా దిక్కు ఊళ్లల్ల సగం మంది మొగోళ్లు దుబాయిలనే ముసలోళ్లయిండ్రు.”

పుస్తకం సంచీలో పెట్టుకుని బయల్దేరాను.

కరీంనగర్

ఎస్తేరు ఇల్లు చర్చి వెనక వీధిలో. మెథడిస్టు కుటుంబం. గోడ మీద వాళ్ల తాత ఫోటో, పక్కన ఆయనకు అక్షరాలు నేర్పిన అమెరికా మిషను దొరసాని ఫోటో. నా సెనేటరు గురించి నేను అమెరికా వివరాలతో సహా ఉపోద్ఘాతం మొదలుపెడితే ఎస్తేరు మధ్యలోనే ఆపింది.

“అమెరికోళ్లు ఉత్తరాలు రాసుడు మాకు కొత్తనా మేడం? మా నాయనమ్మ చెప్తుండె. దొరసాని ఇంటికి ఉత్తరం రాసే దినం ఎవ్వలతోని మాట్లాడకపోయేదట. అన్నం గూడ అర్రలకే పంపేటోళ్లట. రాసుడు అయినంక బయటికొచ్చి, అందరి మీద ఊకె కోపం చేసేదట.”

సెనేటరు కూడా అంతే. ఆదివారం ఉత్తరం రాస్తే సోమవారం సభలో ఎవరో ఒకరితో తగువు పెట్టుకునేవాడు. నేను ఇంతకాలం ఆ రెంటికీ సంబంధం చూడలేదు.

రాత్రి భోజనం జొన్నరొట్టె, పచ్చిపులుసు. మా వైపు చింతపండు కనపడితే పొయ్యి మీద పెట్టి మరిగించకుండా ఉండలేం. వీళ్లు పచ్చిగానే పిసికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త బెల్లం వేసి వదిలేస్తారు. మూడుసార్లు పోయించుకున్నాను. పొద్దున సర్వపిండి పెట్టింది. గిన్నెకు అంటించి కాల్చిన బియ్యప్పిండి రొట్టె, మధ్యమధ్య పల్లీలు. ఆ రోజంతా నాకు ఆకలి వెయ్యలేదు గానీ ఎవరు ఏం పెట్టినా తిన్నాను.

వేములవాడ

వేములవాడ రాకుండా వెళ్తే తెనాలిలో ముఖం చూపించలేనని దర్శనానికి వెళ్లాను. ఎస్తేరు “నేను బయట కూసుంట, మీరు పోయి రాండ్రి” అని కొబ్బరికాయల కొట్టు దగ్గర కుర్చీ వేయించుకుంది. అక్కడి దుకాణాల వాళ్లందరూ ఆమెకు తెలుసు.

ఇక్కడి మొక్కు వేరు. టిక్కెట్టు కొని, కోడె పలుపు పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, వీళ్లు రాజన్న అని పిలుచుకునే శివుడి ముందు కట్టేస్తారు. గుడి ఆవరణలోనే దర్గా కూడా ఉంది. కోడె కట్టినవాళ్లలో కొందరు అటు కూడా వెళ్లి దండం పెట్టుకుని వస్తున్నారు. ఎవరికీ అది వింతగా లేదు, నాకు తప్ప.

నా ముందు ఇరవై దాటిన అమ్మాయి ఒకతె ఒక చేత్తో కోడెను, ఇంకో చేత్తో ఫోనును పట్టుకుని తిరుగుతోంది. పేరు మౌనిక. ఫోనులో ఉన్నది భర్త, మస్కట్‌లో ఉంటాడు. “చూడు, గీ కోడె నన్నెట్ల గుంజుకపోతుందో” అని చూపిస్తోంది. ప్రదక్షిణ అయ్యాక నీడలో కూర్చుంటే మాటలు కలిశాయి. నా సెనేటరు కథ చెప్పాను. ఉత్తరం చేరడానికి వారం పైన పట్టేదంటే ఆమెకు వచ్చిన అనుమానం నాకెప్పుడూ రాలేదు.

“మరి అలిగితే ఎట్ల? జవాబు వచ్చేదాక అలుక యాదుంటదా?”

అలిగాడమ్మా అన్నాను. ఒక రోజు కోపంగా ఉత్తరం రాసి పంపాడు. మర్నాడు బుద్ధొచ్చి క్షమించమని ఇంకోటి పంపాడు. మంచు పడి బండి ఆగిపోవడంతో రెండూ ఒకే రోజు ఆవిడకు చేరాయి. ఆవిడ ఏది ముందు విప్పిందో మనకు తెలియదు.

మౌనిక పగలబడి నవ్వింది. “మా ఆయన గూడ గంతే అవ్వా. కోపంల మెసేజి పెడ్తడు, నేను చూసేలోపే తీసేస్తడు. ఏం పెట్టినవంటే ఏం లే అంటడు.” తరవాత ఫోను చీరకొంగుతో తుడుచుకుంటూ, “దినాం మాట్లాడుకుంటం. కానీ మొన్న ఏం మాట్లాడుకున్నమంటే ఒక్క మాట యాదికి రాదు” అన్నది. కోడెను కట్టి వచ్చిన సంతోషం ఆమె ముఖంలో కాసేపే ఉంది.

ధర్మపురి దాపున

ఎస్తేరు పాఠాలు చెప్పే ఊరు ధర్మపురికి దగ్గర్లో. అక్కడే గంగారాం ఇల్లు. అరవై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు మస్కట్ పోయి, ఏళ్ల తరబడి కరెంటు పని చేసి వచ్చాడు. మాకు కుర్చీలు వేసి తను గడప మీద కూర్చున్నాడు. ఎంత చెప్పినా పైకి రాలేదు.

“ఉత్తరాలు లేవు మేడం. లచ్చవ్వకు సదువు రాదు. నేను రాస్తే ఎవలతోనన్న సదివిచ్చుకోవాలె. మొగడు పెండ్లాల ముచ్చట ఊరంత ఇంటరు. అందుకని క్యాసెట్‌ల మాట్లాడుకున్నం.”

లచ్చవ్వ ఆయన భార్య. పోయి మూడేళ్లయింది.

ఆ రోజుల్లో మస్కట్ నుంచి సెలవు మీద ఇంటికొచ్చే ప్రతి మనిషి సంచీలోనూ ఇరుగుపొరుగు వాళ్ల క్యాసెట్లు ఉండేవట. వచ్చినవాడు ఊరూరా తిరిగి అందరికీ అందించి, మళ్లీ వెళ్లేటప్పుడు జవాబులు పోగుచేసుకుని వెళ్లాలి. లచ్చవ్వ మాత్రం కొత్త క్యాసెట్టు ముట్టుకునేది కాదు. ఆయన నుంచి వచ్చినదాన్ని వినీ వినీ, దాని మీదే తన మాటలు చెప్పి తిరిగి పంపేది. ఆయన అది విని దాని మీద తన జవాబు చెప్పేవాడు.

“కొత్తయి పంపిన. పంపితే అలమార్ల వెట్టింది. గీ పాతదానికైతే తొవ్వ ఎర్కే, కొత్తది ఏడికి పోతదో ఏమో అన్నది. గంత పిచ్చిది. నేను గూడ నవ్వుకుంట గట్లనే చేసిన.”

ఆయన ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి మూత తీశాడు. అందులో కొన్ని క్యాసెట్లు, లచ్చవ్వ తిరిగి పంపకుండా ఉండిపోయినవి. అన్నింట్లోనూ చివరి మాట ఆయనదే, అంటే అన్నింట్లోనూ ఉన్నది ఆయన గొంతే. అల్లిన గుడ్డ కప్పి ఉంచిన టూ ఇన్ వన్ టేపురికార్డరు మీట నొక్కి ఒకటి వినిపించాడు. కుర్ర గొంతు ఒకటి మొదలైంది.

“ఆ… నేను. మంచిగున్న. తిన్న. బర్రె దుడ్డెనా? మంచిగయ్యింది, దాన్ని అమ్మకు. ఆ, వచ్చిండు, ఇచ్చిండు. లే లే, గదంత ఝూట. ఎవలు చెప్పిండ్రు నీకు? గట్ల ఎన్నడు చెయ్య నేను…”

“ఏది చెయ్యనన్నారు? ఆవిడ ఏమడిగింది?” అన్నాను.

గంగారాం తల గోక్కున్నాడు. “గదే యాదికి లేదు మేడం. మస్తు కోపం మీద అడిగింది గంత యాదున్నది.”

నా సంచీలోంచి పుస్తకం తీశాను. సెనేటరు ఒక ఉత్తరంలో ‘నువ్వన్నది నిజమే, నాకు సిగ్గుగా ఉంది’ అన్నట్టు రాశాడు. ఆవిడ ఏమన్నదో ఎవరికీ తెలియదు, దాని మీద పండితులు పేజీలు పేజీలు ఊహించారు. గంగారాంకు ఇదంతా తెలుగులో చెప్పాను. ఆపిల్ చెట్లు, పంటినొప్పి, పొయ్యిలో వేసిన ఉత్తరాలు, అన్నీ. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“గంత పెద్ద మనిషి గూడ పంటినొప్పి అడిగిండా!” అని ఆశ్చర్యపోయాడు ముందు. తరవాత, “ఆయన పొయ్యిల వెట్టిండు. నేను ఆమె మాట మీద నా మాట చెప్పిన. ఇద్దరం ఒక్కటే పని చేసినం మేడం” అన్నాడు.

అప్పుడే అసలు సంగతి బయటపడింది. లచ్చవ్వ గొంతున్న క్యాసెట్టు ఒకటి ఉంది. ఆఖరిది. ఆమె మాట్లాడి, మస్కట్ వెళ్లబోతున్న తన చెల్లెలి భర్తకు ఇచ్చింది. ఈలోగా గంగారాంకే పని పోయి ఇంటికి వచ్చేశాడు, ఆ చెల్లెలి భర్తకు వీసా రాలేదు. క్యాసెట్టు వాళ్లింట్లోనే ఉండిపోయింది. మనిషే ఎదురుగా ఉంటే క్యాసెట్టు ఎందుకని ఇద్దరూ దాని ఊసెత్తలేదు. చెల్లెలి పేరు సత్తవ్వ. ఇల్లు గోదావరి అవతల, నిర్మల్ దాటాక.

“మరి వెళ్లి తెచ్చుకోకపోయారా?”

“సిగ్గయితది మేడం. గీ వయసుల మరదలింటికి పోయి, నీ అక్క గొంతు ఇనాలె, క్యాసెట్ ఇయ్యి అని ఎట్ల అడుగుత? మంది నవ్వరా?” ఆయన టూ ఇన్ వన్ మీద గుడ్డను మళ్లీ సరిచేసి కప్పాడు. “ఫోటో ఉన్నది. మొఖం ఫికర్ లేదు. గొంతే పోతున్నది. మొన్నటిదాక పిలిచినట్టు ఇనబడుతుండె. గీ ఎండకాలం నుంచి ఎంత యాది చేసుకున్నా వస్తలేదు.”

మా ఆయన గొంతు నాకు ఇంకా వినపడుతుంది, ముఖ్యంగా కాఫీలో పంచదార ఎక్కువైనప్పుడు. అదీ ఒకరోజు పోతుందన్న ఆలోచన అప్పటిదాకా రాలేదు. ఆయన గొంతు మళ్లీ ఒక్కసారి వినాలని ఎంత ఉందో ఆ గడప దగ్గర కూర్చుంటే తెలిసింది.

ఎస్తేరే ఉపాయం చెప్పింది. “మేడం పుస్తకం పని అని చెప్దాం గంగన్నా. అమెరికా సెనేటరు పని మీద వచ్చినమంటే ఎవలు నవ్వుతరు? సగం సమజే కాదు.”

గంగారాం ముఖం వెలిగింది. “గట్లయితే పోదాం. గవర్నమెంటు పనే అనుకుంటది సత్తవ్వ.”

వంతెన అవతల

పొద్దున్నే ధర్మపురిలో గోదావరి స్నానం, నరసింహస్వామి దర్శనం. నాకు తెలిసిన గోదావరి రాజమండ్రిది, అవతలి ఒడ్డు కనపడాలంటే కళ్లు చికిలించాలి. ఇక్కడ నీళ్లు బండల మధ్య నుంచి దారి చూసుకుంటూ పోతున్నాయి. ఇవే నీళ్లు కొన్నాళ్లకు మా ఆంధ్ర వైపు వస్తాయి కదా అనుకుంటే నదితో ఏదైనా చెప్పి పంపాలనిపించింది, కానీ అక్కడ వినేవాళ్లెవరూ లేరు.

గంగారాం తన టూ ఇన్ వన్‌ను తువ్వాలలో చుట్టి పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బస్సెక్కాడు. సత్తవ్వ ఇంట్లో వినే యంత్రం ఉంటుందో లేదోనని. కండక్టరు ఆధార్ కార్డులు చూస్తూ తెలంగాణ ఆడవాళ్లందరికీ ఊరికే టిక్కెట్లు ఇస్తోంది. నాది చూసి వెనక్కిచ్చింది. “అమ్మా, మీది ఆంధ్రది. పైసలియ్యాలె.” బస్సులో ఉన్న ఆడవాళ్లందరూ నన్ను జాలిగా చూశారు. జీవితంలో మొదటిసారి పరాయిదేశంలో ఉన్నట్టు అనిపించింది. ఒక ముసలమ్మ మాత్రం ఓదార్పుగా ఉడికించిన మొక్కజొన్న పొత్తు సగం విరిచి ఇచ్చింది.

వంతెన దాటాక రోడ్డుకు రెండు వైపులా టేకు అడవి. పుస్తకం విప్పి ఎస్తేరుకు చివరి ఉత్తరం చెప్పాను. ఆ ఏడు ఎన్నికల్లో నిలబడనని సెనేటరు ప్రకటించాడు. పార్టీవాళ్లు బతిమాలారు, పత్రికలు తిట్టాయి. ఆయన ఏ కారణమూ చెప్పలేదు. భార్యకు మాత్రం ఏ రైలుకు వస్తున్నాడో రాసి, స్టేషనుకు బండి పంపమని, వర్షం ఉంటే నువ్వు రావద్దని రాశాడు. పుస్తకం అక్కడితో సరి. తరవాత ఇద్దరూ ఆ ఇంట్లో చాలా ఏళ్లు కలిసి బతికారట. ఆ ఏళ్ల గురించి ఎక్కడా ఒక్క వాక్యం లేదు.

“స్టేషన్‌కు ఆమె వచ్చిందా మరి?” అని వెనక సీటులోంచి గంగారాం అడిగాడు. నిద్రపోతున్నాడనుకున్నాను.

“తెలియదండీ.”

“వచ్చే ఉంటది. రావద్దంటే ఆగే ఆడిది కాదు ఆమె, ఆయన మాటలల్లనే తెలుస్తుంది.”

ఆ రోజు నుంచి నా అనువాదంలో ఆవిడ స్టేషనుకు వచ్చిన మనిషిగానే ఉంది. అందులో సెనేటరు ప్రతి ఉత్తరం కూడా ‘నేను’ అనే మాటతోనే మొదలవుతుంది, గంగారాం క్యాసెట్టులో మొదలుపెట్టినట్టుగానే. ప్రచురణకర్త ఒప్పుకుంటారో లేదో చూడాలి.

నిర్మల్

నిర్మల్‌లో చెక్కబొమ్మలు చూడకుండా వెళ్లడం కుదరదు. పొణికి అనే తేలికపాటి చెక్కతో చేసిన సీతాఫలం ఒకటి నిజంగా పండిందేమోనని వేలితో నొక్కాను. దుకాణం ఆయన నవ్వి, “రోజుకొకరన్న ఒత్తుతరు” అన్నాడు. ఆయన మాటల్లో మధ్యమధ్య మరాఠీ దొర్లుతుంది, ధర చెప్పేటప్పుడు మాత్రం స్వచ్ఛమైన తెలుగు. బేరమాడి ఓడిపోయి కొనుక్కున్నాను.

బయటికి వస్తే గంగారాం లేడు. కంగారుపడి వెతికితే బస్టాండు పక్క మంగలి కుర్చీలో దొరికాడు. గడ్డం గీయించుకుని, సంచీలోంచి ఇస్త్రీ చొక్కా తీసి వేసుకుని, మరదలికి మిఠాయి డబ్బా కూడా కొన్నాడు.

“ఏంది గంగన్నా, పిల్లను చూసెతందుకు పోతున్నమా?” అన్నది ఎస్తేరు.

“నీకన్ని పరాచికాలే టీచరమ్మా” అన్నాడు గానీ, దువ్వెన తీసి తల ఇంకోసారి దువ్వుకున్నాడు.

సత్తవ్వ ఇల్లు

సత్తవ్వ వాకిట్లో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఈ వైపు ఊళ్లలో ఏ ఇంటికి వెళ్లినా ఆడవాళ్ల ఒళ్లో చేట, చేతిలో కత్తెర ఉంటాయి. తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, పొగాకు వేసి చుట్టి, దారం కడతారు. మాట్లాడుతున్నా చేతులు ఆగవు. మమ్మల్ని చూసి ఆమె లేవబోయింది.

“కూసో సత్తవ్వ, కూసో. మేడం ఆంధ్రాకెల్లి వచ్చింది. అమెరికల ఒక సెనేటరు ఉండెనట. ఆయన పెండ్లాం ఉత్తరాలు కాలిపోయినయట. గందుకని…” గంగారాం అక్కడిదాకా బాగానే వచ్చి తడబడ్డాడు. “గందుకని మీ అక్క క్యాసెట్ కావాల్నట.”

సత్తవ్వ ఆయన్ను ఎగాదిగా చూసింది. నున్నటి గడ్డం, ఇస్త్రీ చొక్కా, చంకలో తువ్వాలలో చుట్టిన యంత్రం.

“అమెరికాయనకు కావాల్నా బావా, నీకు కావాల్నా?”

గంగారాం నేల చూశాడు. నేనూ నేల చూశాను.

“ఉన్నది” అన్నది సత్తవ్వ. “మా ఆయన పొయినంక గూడ దాచిపెట్టిన. కానీ నీకియ్య. నీకిస్తే మల్ల దాని మీద మాట్లాడుతవు. నీకు గదే అలవాటు. ఎన్నేండ్లు మా అక్క మాటలన్ని చెరిపినవు?”

కోపంగా అనలేదు గానీ, ఆయనకు తగలాల్సిన చోటే తగిలింది. ఆయన కళ్లు తుడుచుకుని, “చెరిపిన” అని ఒప్పుకున్నాడు. “చెరుపుతున్ననని తెల్వకపాయె సత్తవ్వ. మల్ల చెప్తది కదా అనుకున్న.”

ఆమె చేట పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. పెళ్లినాటి పట్టుచీర మడతల్లోంచి క్యాసెట్టు తెచ్చింది. దాని పైఅంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకులు రెండూ విరిచేసి ఉన్నాయి. అవి విరిస్తే దాని మీద ఇంక ఎవరూ రికార్డు చెయ్యలేరు. అక్క పోయిన రోజు తనే కత్తెరతో విరిచానని చెప్పింది.

“ఈడనే కూసొని ఇను. ఎన్నిసార్లన్న ఇను. తీస్కపోవద్దు.”

ఎస్తేరు తన ఫోను బయటికి తీసి యంత్రం పక్కన పెట్టింది. “ఫోన్‌ల ఎక్కిచ్చుకుంటం గంగన్నా. ఇంటికాడ నువ్వు ఎప్పుడంటె అప్పుడు ఇనొచ్చు. ఎవ్వలు మాట్లాడకుండ్రి.”

మీట నొక్కితే మొదట వచ్చింది సాగదీసినట్టున్న బొంగురు గొంతు. గంగారాం మొహం తెల్లబోయింది. “గిది ఆమె కాదు” అన్నాడు. సత్తవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి ఆయనే తేరుకుని యంత్రం వెనక మూత విప్పి చూశాడు. బస్సు కుదుపులకు లోపలి రబ్బరు పట్టీ జారింది. దాన్ని గాడిలో పెట్టి, క్యాసెట్టు మొదటికి తిప్పి, మళ్లీ నొక్కాడు.

“ఇంటున్నవా? నేను.”

సన్నటి, చురుకైన గొంతు. గంగారాం తను కూర్చున్న గడపను రెండు చేతులతో పట్టుకున్నాడు.

“తిన్నవా?”

తరవాత ఏమీ లేదు. క్యాసెట్టు పోయిందనుకున్నాను. చెవి దగ్గరగా పెట్టి వింటే కత్తెర చప్పుడు. ఎక్కడో కోడి. లచ్చవ్వ కూడా బీడీలు చుడుతూనే మాట్లాడుతోందన్నమాట. అంతలో, “ఆ, నేను గూడ తిన్న” అని గొంతు మళ్లీ వచ్చింది.

గంగారాం నా వైపు తిరిగి నవ్వాడు. “గట్లనే మేడం. ఏదన్న అడిగిందంటే నేను జవాబు చెప్పేదాక ఆగుతది. ఎన్నిసార్లు చెప్పిన, ఆగకు, క్యాసెట్ వేస్టయితదని. ఇనదు.”

“నడుము నొప్పి తగ్గిందా?” అని అడిగి లచ్చవ్వ ఆగింది. కత్తెర చప్పుడు.

“తగ్గింది” అన్నాడు గంగారాం, మెల్లగా.

“మందు రాస్తున్నవా?”

“రాస్తున్న.”

ఎస్తేరు ఫోను వైపు చూపిస్తూ మాట్లాడొద్దని సైగ చెయ్యబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. క్యాసెట్టులో ఆమె అడుగుతోంది, ఆగుతోంది. ఆ ఖాళీలో ఆయన చెబుతున్నాడు. ఇంటికి స్లాబు పడింది, నీళ్లు నువ్వుంటే మంచిగ పట్టేటోనివి అన్నది. పట్టేటోణ్ని అన్నాడు. గాడ వాన పడ్తదా అన్నది. పడదు, ఒక్కసారి పడ్డది, అందరం బయటికొచ్చి తడిసినం అన్నాడు. సత్తవ్వ గోడకు చేరగిలబడి ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను, మా ఇంట్లో ఇలా అడిగి ఆగే గొంతు ఒక్కటి కూడా మిగల్లేదని.

“ఇగొ, ఒకటి అడుగుత. నిజం చెప్పు” అన్నది లచ్చవ్వ. “నేను యాదికొస్తనా?”

కత్తెర ఆగిపోయింది. కోడి కూడా లేదు. క్యాసెట్టు గరగరమంటూ తిరుగుతోంది, అంతే.

గంగారాం నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు.

ఆ పక్క నుంచి లచ్చవ్వ నవ్వింది. “ఆ. తెల్సు తియ్యి” అన్నది. టక్కున మీట చప్పుడైంది. అయిపోయింది.

ఎస్తేరు ఫోను తీసుకోబోయింది. గంగారాం చెయ్యి అడ్డం పెట్టాడు. “ఇంటికొచ్చినంక ఎన్నడు అడుగలే గా మాట” అన్నాడు. ముఖం తువ్వాలతో గట్టిగా తుడుచుకుని, సర్దుకుని, యంత్రానికి దగ్గరగా జరిగి కూర్చున్నాడు.

“జర ఎన్కకు తిప్పు సత్తవ్వ. గాడ నేను చెప్పలే.”